స్టాల్ నంబర్ ఎంత పెద్దగుంటే బండి అంత ఉరుకుతదా?

అమెరికా పాత మజిల్ కార్ల రీల్స్ సూసే పోరగాండ్లు కలిస్తే నన్ను అడిగేది ఒక్కటే: "అన్నా, స్టాల్ ఎంత పెట్టిండ్రు?" 3,500 అంటే కండ్లు పెద్దగ చేస్తరు. 2,200 అంటే గంతేనా అన్నట్టు మొకం పెడ్తరు. హార్స్‌పవర్ లెక్కనే స్టాల్ గూడ ఎంతెక్వుంటే అంత గొప్ప అనుకుంటున్నరు. టెక్సస్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సులు బాగుచేసే షాపుల పనిచేసేటోన్ని కాబట్టి చెప్తున్న, ఇది తప్పు లెక్క. రోజూ రోడ్డు మీద తిప్పే బండికి పెద్ద నంబర్ పెట్టుడంటే పైసలు పెట్టి పెయ్యి కాల్చుకునుడే.

అసలు స్టాల్ అంటే ఏందో మన ఊర్ల జేసీబీ నడిపేటోన్ని అడుగుండ్రి. జేసీబీకి క్లచ్ పెడల్ ఉండదు. బకెట్ పోయి మట్టికుప్పల గుద్దుకుంటది, చక్రాలు ఆగిపోతయి, గని ఇంజన్ మాత్రం బంద్ కాదు, గుర్రుమంటనే ఉంటది. ట్రాక్టరైతే క్లచ్ తొక్కకపోతే టక్కున ఆగిపోవు. జేసీబీల ఇంజన్‌కు, గేర్‌బాక్సుకు నడుమ టార్క్ కన్వర్టర్ ఉంటది, అందుకే ఆగదు. అది నూనె నింపిన ఒక గుండ్రటి డబ్బా. అండ్ల ఎదురెదురుగ రెండు రెక్కల చక్రాలుంటయి. ఇంజన్ దిక్కుదాన్ని ఇంజన్ తిప్పుతది, అది చిమ్మిన నూనె రెండోదాన్ని నెడ్తది. నడుమ స్టేటర్ అని ఇంకోటుంటది, తిరిగొచ్చే నూనెను మలిపి మళ్ల పనికొచ్చే దిక్కు పంపుతది. బండి కదిలేటప్పుడు ఇంజన్ బలం ఇంచుమించు రెండింతలయ్యేది దీనితోనే.

ఇగ చక్రాలు కదలకుంట పట్టుకొని, ఏక్స్‌లేటర్ నిండ తొక్కితే ఇంజన్ ఎంతవరకు ఎక్కి ఆగుతదో, ఆ ఆర్పీఎమ్మే స్టాల్ స్పీడ్.

సమజ్ కావాల్సిన అసలు ముచ్చట ఏందంటే, ఆ నంబర్ డబ్బాల ఉండదు. అట్టపెట్టె మీద 2,500 అని రాసినా, అది ఏ ఇంజన్ వెనుక పెడ్తె అన్న లెక్క ఉంటది. అదే కన్వర్టర్‌ను 350 క్యూబిక్ ఇంచుల షెవ్రొలె ఇంజన్ వెనుక పెడ్తె ఒక తీరు సూపెడ్తది. 454 వెనుక పెడ్తె ఇంకా పైకి పోతది. ఇంజన్ టార్క్ ఎంతెక్వుంటే నూనెను అంత గట్టిగ కొడ్తది, స్టాల్ అంత పెరుగుతది. అందుకే దోస్త్ బండిల ఉన్న నంబర్ సూసి అదే కావాలనుడు అక్కరకు రాని మాట.

ఒక బండి లెక్క ఏసి సూద్దాం. 1970 షెవెల్, 350 ఇంజన్, టర్బో 350 గేర్‌బాక్స్, వెనుక క్రౌన్ పినియన్ 3.08, టైరు ఎత్తు 27 ఇంచులు. క్యామ్‌షాఫ్ట్ కంపెనీదే, లేకుంటే జర పెద్దది. ఆఫీసుకు, వారానికోసారి హైవే మీదికి పోయే బండి. దీంట్ల 65 మైళ్ల స్పీడ్‌ల, అంటే మన 105 కిలోమీటర్ల మీద, ఇంజన్ దాదాపు 2,500 తిరుగుతది. దీనికి 3,500 కన్వర్టర్ పెట్టినమనుకో. సిగ్నల్ కాడ పెడల్ తొక్కితే ముందు సప్పుడే లేస్తది, బండి ఎనుక కదుల్తది, అరిగిపోయిన క్లచ్ లెక్క. ఎత్తు ఎక్కేటప్పుడు పెడల్ జర వొత్తితే చాలు, ఆర్పీఎం ఎగుర్తది, బండి మాత్రం అట్లనే ఉంటది. ఆ నడుమ పోయిన బలమంతా యాడికి పోయింది? నూనెల వేడై కూసున్నది.

ఇక్కడ ఒక మాట సరిగ్గ చెప్పాలె. స్టాల్ 3,000 ఉంటే 3,000 దాటేదాక బండి కదలదని కొందరు చెప్తరు, అది ఉత్తదే. స్టాల్ అనేది నిండ తొక్కినప్పటి లెక్క. మెల్లగ నడిపేటప్పుడు ఇంజన్ మీద బరువు తక్వ, జారుడు గూడ తక్వనే ఉంటది. మంచిగ తయారుచేసిన 2,800 కన్వర్టర్ ఊర్ల సక్కగనే నడుస్తది, సౌకగ దొరికిన 2,400ది దానికంటె ఎక్వ జారొచ్చు.

మరి పెద్ద స్టాల్ ఎవలికి కావాలె? పెద్ద క్యామ్ ఏసినోళ్లకు. పెద్ద క్యామ్ అంటే వాల్వులు ఎక్వసేపు తెరిచే ఉంటయి, దాంతోని ఇంజన్ కింది ఆర్పీఎంల కమ్జోర్ అయితది, బలమంతా పైకి జరుగుతది. దానికి కంపెనీ కన్వర్టర్ ఉంచితే డ్రైవ్‌ల ఏసి బ్రేక్ మీద నిలబడ్డప్పుడు ఇంజన్ దగ్గుకుంట ఆగిపోతది. దానికి ఊపిరి ఆడాలంటే జర వదులు కన్వర్టర్ కావాలె. టార్క్ బాగ దొరికే ఆర్పీఎంకు జర కిందికే స్టాల్ ఉండాలె, అది దాటిపోతే చేతికొచ్చిన బలాన్ని ఒదులుకున్నట్టే. పైన చెప్పిన షెవెల్‌కైతే నేను 2,200 నుంచి 2,400 కంటె మీదికి పోను. అదే బండికి పెద్ద క్యామ్, 3.73 పినియన్ ఉంటే హైవే మీద ఇంజన్ 3,000 దగ్గర తిరుగుతది, అప్పుడు 2,800 పెట్టినా నాకు పరేషాన్ లేదు.

జనరల్ మోటార్స్ 1965 నుంచి 1967 దాక బ్యూయిక్, ఓల్డ్స్‌మొబైల్, కాడిలాక్‌ల పెట్టిన కొన్ని టర్బో 400 గేర్‌బాక్సులల్ల స్టేటర్ రెక్కలే తిరిగేటట్టు చేసింది. ఒకే డబ్బాల రెండు స్టాళ్లన్నట్టు. గంత పెద్ద కంపెనీ గూడ నిలబడి ఉరికేటానికి ఒకటి, సాఫీగ నడిచేటానికి ఒకటి కావాలని ఒప్పుకున్నది. 1982ల వొచ్చిన 700ఆర్4 ఇంకో తొవ్వ పట్టింది. అండ్ల లాకప్ క్లచ్ ఉంటది, హైవే మీద అది పట్టుకున్నదంటే జారుడు ఖతం. లాకప్ ఉన్నోళ్లు స్టాల్ జర పెంచుకున్నా నడుస్తది. టర్బో 350, 400లు ఉన్నోళ్లల్ల శానామందికి ఆ సౌలత్ లేదు.

వేడిని మాత్రం అల్కగ తీస్కోవద్దు. గేర్‌బాక్స్ నూనె 80 డిగ్రీల కాడ ఏండ్లకేండ్లు ఉంటది. 115 దాటినంక మాడుడు షురూ అయితది, ఎర్రటి నూనె గోధుమ రంగుకొస్తది, కర్రుమనే వాసనొస్తది, లోపట క్లచ్ ప్లేట్లు పోతయి. స్టాల్ టెస్ట్ అని బ్రేక్ తొక్కి పట్టి నిండ రేస్ ఇచ్చే రీల్స్ సూస్తె నాకు పానం జల్లుమంటది. బండి కదలనప్పుడు ఇంజన్ బలమంతా ఆ నూనెలనే పడ్తది. నాలుగైదు సెకండ్లు దాటొద్దు, మధ్యల సల్లారనియ్యాలె. పాత కార్లల్ల బ్రేకులు ఆపలేక వెనుక టైర్లు ముందే తిరుగుతయి, అందుకే ఆ నంబర్‌ను నమ్మేటట్టు గూడ లేదు.

కన్వర్టర్ తయారుచేసేటోళ్లకు ఫోన్ చేసినప్పుడు "3,500 ఇయ్యి" అని మొదలువెట్టకుండ్రి. బండి బరువు, క్యామ్ కార్డు మీది నంబర్లు, పినియన్ రేషియో, టైరు ఎత్తు, వారంల ఎన్ని రోజులు హైవే ఎక్కుతరో చెప్పుండ్రి. మంచోళ్లైతే నంబర్ వాళ్లే చెప్తరు. ఇవేవీ అడగకుంట కార్డు నంబర్ అడిగేటోని కాడ కొనొద్దు. మిగిలిన పైసలతోని రేడియేటర్ ముంగట వేరే ఆయిల్ కూలర్ ఒకటి పెట్టిచ్చుకోండ్రి, కన్వర్టర్ బిగిచ్చిన రోజే.