రికార్డులో బంజరు, గుట్ట మీద బోద

చెన్నేకొత్తపల్లి మండలం ముష్టికోవెల దగ్గర గుట్టలెక్కితే బోద కసువు మోకాళ్లకు తగులుతుంది. నీరు ఊరే వంకల్లో ఈత పొదలు. జాతీయ రహదారి మీద బస్సు కిటికీలోంచి మాత్రమే ఈ సీమను చూసినవాళ్లకు నమ్మబుద్ధి కాదు.

దీని పేరు కల్పవల్లి. ఏడు వేల ఎకరాలకు పైగా ఉన్న ఉమ్మడి భూమి. ఒకప్పటి అనంతపురం, ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లా. 1990లో దగ్గర్లోనే 32 ఎకరాల బీడు కొని బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, మిత్రులు టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ మొదలుపెట్టారు. రెండు మూడేళ్లకు ముష్టికోవెల వాళ్లు తమ గుట్టల్నీ కాపాడుకుందామనుకున్నారు. తర్వాత చుట్టుపక్కల ఊళ్లూ కలిశాయి.

వాళ్లు చేసిన పనిలో మొక్కలు నాటడం కంటే కాపలాయే ఎక్కువ. గొడ్డలికి మాను పోయినా వేరు బతికే ఉంటుంది. నరక్కుండా, కాలకుండా నాలుగు వానాకాలాలు దాటిస్తే చాలు, అదే చిగురేస్తుంది. చెప్పినంత తేలికైన పని మాత్రం కాదు.

అసలు పేచీ నిప్పుతో. ఎండిన కసువుకు అగ్గి పెడితే వానకు లేత పచ్చిక వస్తుందనేది కాపరుల లెక్క. అందులో అబద్ధం లేదు. కాకపోతే ఆ మంటలో పిల్ల చెట్లూ పోతాయి. కాపరిని దొంగలా చూస్తే గుట్ట దక్కదు, రాత్రికి రాత్రే అగ్గిపుల్ల గీసేవాడు ఎక్కడైనా ఉంటాడు. అందుకే జీవాలను తరిమేయకుండా కాపరులతో కూర్చుని మాట్లాడారు. ఊళ్ల నుంచే కాపలాదారులను పెట్టుకున్నారు. ఎండలు ముదరకముందే గుట్టల మీద బాటంత వెడల్పున కసువు తీసేసి గీతలు పెడతారు, మంట అక్కడికి వచ్చి ఆగిపోవాలని. ఆగకపోతే పచ్చి కొమ్మలు విరిచి బాదడమే.

గుట్ట తిరిగి ఇచ్చినవీ ఉన్నాయి. బోద కొట్టాల కప్పుకు వెళ్తుంది. ఈతాకుతో చీపుర్లు కడతారు, గంపలు అల్లుతారు. కింద చెరువుల్లోకి నీళ్లు దిగాయి. తోడేళ్లూ తిరిగొచ్చాయి, గొర్లు కాసేవాళ్లకు ఈ సంగతి అంత సంబరం కాదనుకోండి.

ఇంత జరిగినా ప్రభుత్వ లెక్కల్లో అది బంజరే. బంజరంటే ఖాళీ అని అర్థం చేసుకున్నారు కాబోలు, 2010 ప్రాంతంలో గాలిమరలు వచ్చాయి. ఒక్కో మర పాదానికి గుట్ట తల చెక్కారు, పెద్ద లారీలు ఎక్కడానికి వాలుల్ని కోసి రోడ్లు వేశారు, తవ్విన మట్టి వంకల్లోకి జారింది. చెట్టు పెంచినవాళ్లకు సహకార సంఘం ఉంది గానీ, భూమి మీద హక్కు కాగితం లేదు. గోడు గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. గాలి కరెంటు మంచిదే, నేను దానికి వ్యతిరేకిని కాను. నా అభ్యంతరం ఆ ఒక్క మాటతోనే: బంజరు. దాదాపు ఇరవై ఏళ్లు కాపలా కాసిన నేలను పట్టా చూపించలేదని ఖాళీ జాగా అనడమేమిటి?

మరలు ఇప్పుడూ తిరుగుతున్నాయి. వాటి కింద బోద ఎండి బంగారు రంగుకు వస్తే, మళ్లీ గీతలు పెట్టాల్సిన కాలం వచ్చినట్టే.