ఆకు రాలిన అడవిలో రాతిబాటలు

భద్రాచలమునకు వచ్చు యాత్రికులలో అధికసంఖ్యాకులు గోదావరిలో స్నానమాడి, భద్రగిరిపై వెలసిన రామచంద్రుని సేవించి, వీలైనచో పర్ణశాలను కూడ కారులో పోయి చూచి, చీకటి పడకముందే తిరుగుముఖము పట్టుదురు. వారికి ఈ సీమ ఒక దేవాలయముగాను, ఒక మహానదిగాను, కిటికీ వెలుపల పచ్చగా కదలిపోయిన అరణ్యముగాను మాత్రమే జ్ఞాపకముండును. ఆ పచ్చదనము వెనుక దాగిన రాతిని చూచినవారు అరుదు. ఖమ్మము మొదలుకొని ఇల్లందు, కొత్తగూడెము, పాల్వంచ, మణుగూరుల మీదుగా గోదావరి ఒడ్డు వరకు వ్యాపించిన ఈ భూభాగము నిజమునకు శిలాసీమ. దీని చరిత్ర యంతయు రాతి నాశ్రయించియే నడచినది. ఉదయము బయలుదేరి సాయంకాలమునకు మరలి రాదగిన చిన్న నడకలతోనే ఆ చరిత్రను కాళ్లతో చదువుకొనవచ్చునని నా నమ్మకము.

అయితే అందులకు తగిన కాలము వేరు. వానలు వెలిసిన వెంటనే వచ్చువారికి వాగులు, లేత వెదురు, పచ్చిక కనిపించును గాని గుట్టల స్వరూపము కనిపించదు. పుష్యమాఘములు వచ్చునప్పటికి ఈ ఆకురాల్చు అడవిలో టేకు మొదలగు వృక్షములు ఒక్కొక్కటిగ ఆకు విడువసాగును. అంతవరకు మెత్తని కొండగా తోచినది బండలు, చరియలు, నెఱ్ఱెలు గల కఠినదేహముగా బయటపడును. ఆ బండల నడుమ, మన్ను పిడికెడైన లేనిచోట, తెల్లని బెరడుతో తపసి చెట్టు నిలిచియుండును, కొండగోగు ఆకు లేని కొమ్మలపై పసుపుపచ్చని పూలు పూయును, మోదుగ ఎఱ్ఱబడును. 1994లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ వంటి ఎడారిభూములలో గ్రానైటు గుట్టలు ఏడాది పొడుగున దిగంబరముగా నుండును; అచ్చటికి దూరదేశములనుండి జనులు కేవలము రాతిని చూచుటకే పోవుదురు. మనకు ఆ దర్శనము రెండు మూడు నెలలు మాత్రమే లభించును గనుక, దానిని జారవిడుచుకొనుట నాకు లోభి దాచిన ధనము చేజారినట్లే తోచును.

నడకను ఖమ్మమునందే ఆరంభించుట మేలు. స్తంభాద్రి యని పేరొందిన నరసింహస్వామి గుట్టను, దానికి సమీపముననే యున్న ఖిల్లాను ఒక పూటలో ఎక్కి దిగవచ్చును. కాకతీయుల కాలమునుండి ప్రసిద్ధమై, పదునాఱవ శతాబ్దమున గోలకొండ కుతుబ్‌షాహీల వశమైన ఈ ఖిల్లాలో నేను మొదట చూడుమని చెప్పునది బురుజులను కాదు, బురుజునకును సహజమైన బండకును మధ్యగల అతుకును. కొండ యెచ్చట ముగిసినదో, మానవుని పని యెచ్చట మొదలైనదో పలుచోట్ల కనుగొనుట కష్టము. పగటి యెండకు వ్యాకోచించి, రాత్రి చలికి సంకోచించి, వానలకు నాని, పొరలు పొరలుగా విడిపోవు ఈ రాతి స్వభావమును శిల్పులు ఎఱిగియుండిరి. నేటికిని ఈ పట్టణమున గ్రానైటు పలకలను కోసి నునుపుచేయు కర్మాగారములు అనేకము.

ఇల్లందు వైపు సాగినకొలది రాయి మారును. ఇచట ఇసుకరాయి కింద బొగ్గు పొరలున్నట్లు 1871లో భూగర్భశాస్త్రవేత్త విలియం కింగు గుర్తించెను. 1920లో ఏర్పడిన సింగరేణి కాలరీసు కంపెనీ చరిత్రకు మూలమదియే. గనుల సంగతి వేఱొక వ్యాసమునకు చాలును.

పాల్వంచ చేరువనున్న కిన్నెరసాని వేఱు విధమైన చోటు. 1977లో ఏర్పడి, సుమారు 635 చదరపు కిలోమీటర్ల మేర వ్యాపించిన ఈ అభయారణ్యమున జలాశయము, దాని నడుమ అడవిదట్టిన ద్వీపములు, చుట్టు గుట్టలు గలవు. ఆ నీటితోనే కొత్తగూడెము థర్మల్ విద్యుత్కేంద్రము నడచుచున్నది. అత్తింటి బాధ పడలేక అడవిలోనికి పరుగెత్తి నీరై ప్రవహించిన కోడలి కథను, ఆమెకై దుఃఖించి శిలయైపోయిన భర్త కథను విశ్వనాథ సత్యనారాయణ ‘కిన్నెరసాని పాటలు’గా గానము చేసిన సంగతి తెలుగువారికి తెలిసినదే. ఆ కావ్యము చదివినవారు ఇచట ఒడ్డున నిలిచినచో, నీటికిని రాతికిని గల సంబంధమును కవి యెంత నిశితముగా చూచెనో గ్రహింతురు. కిన్నెరసాని యేరు గుట్టలను తాకుచు, తప్పించుకొనుచు, మరల దరిజేరుచు బూర్గంపాడు ప్రాంతమున గోదావరిలో కలిసిపోవును. జలాశయమున మొసళ్లున్నవి గనుక ఒడ్డున ఎంత అలసినను కాళ్లు నీటిలో నుంచరాదు.

నాకు అన్నింటికంటె ప్రియమైన నడక పినపాక మండలములోని జానంపేట చెంతనున్నది. అడవి అంచున, మెరకనేలపై, ఇసుకరాతి పలకలను నిలువుగా పాతి, పైన బరువైన బండను కప్పుగా మోపిన గదులు గుంపులు గుంపులుగా కనిపించును. జనులు వీనిని రాకాసి గుళ్లందురు; మామూలు మనుష్యులు ఇంతటి రాతిని ఎత్తగలరని ఎవరు నమ్ముదురు? ఇవి గుళ్లు కావు, బృహచ్ఛిలాయుగపు సమాధులు. లోపల ఏకశిలను తొలిచి చేసిన రాతితొట్టి యుండుటయు, ముందరి పలకలో రంధ్రము తొలుచుటయు వీని విశేషములు. ఒక్కసారి మూసి మరచిపోవలసిన గదికి ద్వారమెందుకు? కులములో మరణించిన తరువాతివారి యస్థులను కూడ అందే చేర్చుటకో, పితరులకు అన్నపానీయములు సమర్పించుటకో ఆ రంధ్రమును విడిచియుందురని పురాతత్త్వజ్ఞులు ఊహింతురు. కప్పుబండను చేతితో తడవి చూడుడు: అంచులు గుండ్రముగా, నునుపుగా చెక్కబడియుండును. నిలువ నీడకొఱకు బ్రతికియున్నవారు కట్టుకొన్న పూరిండ్లన్నియు మన్నులో కలిసినవి. మృతులకు కట్టినవి మాత్రము నిలిచినవి. గోదావరి తీరారణ్యములలోని ఇట్టి సమాధులను, వాని చెంతనున్న శిలువయాకారపు రాళ్లను గూర్చి ముల్‌హెరాన్ అను ఆంగ్లేయుడు 1868లోనే వ్రాసెను. ఆ శిలువలు నిజమునకు మానవాకృతులని, దొంగతోగు అనుచోట స్త్రీరూపముగా మలచిన శిలలు దానికి సాక్ష్యమని తరువాతి పండితుల మతము.

ఇట్టి చోట పలకలపై పేర్లు చెక్కుటయు, తొట్టెలలో నిధులున్నవని త్రవ్వుటయు చూచినప్పుడు మనస్సు కలతపడును. ఒక రాజు శాసనమునకు మనము చూపు గౌరవములో సగమైనను పేరు చెప్పక పోయిన ఈ జనులకు చూపుట న్యాయము.

నదీతీరమున నడువగోరువారికి భద్రాచలమునకు ఎగువనున్న దుమ్ముగూడెము, పర్ణశాలలు తగినవి. నాగపురము వైపు పత్తిని పడవలపై సముద్రమునకు తెచ్చుటకై గోదావరిని ఓడమార్గముగా మార్చవలెనని ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ కాలమువారు తలపెట్టిరి. నదిలో అడ్డముగా లేచిన బండల శ్రేణులు వారికి ఎదురైనవి. వానిని దాటించుటకే దుమ్ముగూడెమున ఆనకట్ట, కాలువ, లాకులు కట్టిరి. పని పూర్తికాకయే 1871లో నిలిచిపోయినది. అదే సంవత్సరమున ఇల్లందు ప్రాంతమున కింగు బొగ్గును కనుగొనెను. ఆ బొగ్గు పడవ నెక్కక, పిమ్మట రైలు నెక్కినది. పర్ణశాలలో సీతవాగు బండలపై ఎఱుపు పసుపు చారలున్నవి. సీతమ్మ పసుపుకుంకుమల గుర్తులని, నారచీరలు ఆరవేసిన జాడలని భక్తులు చేతులు జోడింతురు. ఇనుము పాలు గల రాతికి గాలి, నీరు తగిలి ఇట్టి వన్నెలు కలుగునని శాస్త్రము చెప్పును. ఈ రెండింటిని ఒకేసారి మనస్సున నిలుపుకొనుటకు నాకెన్నడును ఇబ్బంది కలుగలేదు.

నీటి విషయమున ఈ అడవులలో నివసించు కోయవారినుండి నేర్వవలసినది యెంతయో కలదు. ఎండిన వాగులో ఇసుకను తోడి చెలిమ చేసి, ఊరిన నీటిని నిదానముగా ముంచుకొందురు. భద్రాచలము సమీపమున గుండాల వద్ద గోదావరి ఇసుకను ఇట్లే తోడినచో వేడినీరు ఊరుట ఉష్ణగుండముగా ప్రసిద్ధము. మణుగూరు వైపు పగిడేరులో బోరుబావినుండి సైతము వేడినీరు ఉబికివచ్చును. నీటికి వలెనే దారికిని ఇచటివారే దిక్కు; ఇచటి కాలిబాటలకు పలకలు, గుర్తులు లేవు. అవి ఇప్పపూవునకు, తునికాకునకు, పొరుగు గూడెములోని పెండ్లికి నడచినవారి పాదములు వేసిన తోవలు. కావున అభయారణ్యమున అటవీశాఖవారి అనుమతి, గూడెమున పెద్దల అనుమతి, దారి తెలిసిన ఒకరి తోడు తప్పనిసరి. ఆ తోడువచ్చినవారికి దినకూలికి తక్కువ కాకుండ చెల్లింపవలెను. ఇప్పపూలు రాలునప్పుడు ఎలుగుబంట్లు తెల్లవారుజామున చెట్లకిందికి వచ్చును, ఎండవేళ గుహలలో పరుండును, బండచీలికలలోనికి తొంగిచూడరాదు. చరియలకు పెద్ద తేనెపట్టులు వ్రేలాడుచోట పొగ చేయరాదు.

ఇక తేదీల మాట. భద్రాద్రిలో ముక్కోటి ఏకాదశి ఉత్సవము ముగిసినది మొదలు ఫాల్గుణారంభము వరకు నడకకు అనువైన కాలము. శ్రీరామనవమి నాటికి బండలు పాదము మోపరానట్లు కాలును, వైశాఖమున ఈ ప్రాంతపు ఎండ 45 డిగ్రీలు దాటుట సామాన్యము. రెండేండ్లకొకసారి మాఘమున మేడారము జాతరకు జనము ప్రవహించునప్పుడు తాడ్వాయి వైపు దారులన్నియు నిండిపోవును గనుక, ఆ సంవత్సరము జానంపేట నడకను పున్నమికి ముందు వెనుక ఒక వారము విడిచి పెట్టుకొనవలెను.