గర్భసంచి తీసేయడమే మందా?

“నెలలో పది రోజులు ఇదే గోల. పిల్లలు పుట్టేశారు, ఇంక ఆ సంచితో పనేముంది? తీయించేసుకుంటే పీడా వదులుతుంది!”

చల్లపల్లి బస్టాండులో బెజవాడ బస్సు కోసం కూర్చున్న ఆడవాళ్ల మధ్య ఈ మాట వినిపిస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. పక్కింటి వదిన తీయించుకుంది, తోడికోడలూ తీయించుకుంది. మరి మన సంగతి?

ఈ లెక్క చూడండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది! 2019-21 సర్వేలోనూ పరిస్థితి పెద్దగా మారలేదు.

అసలీ బాధ ఏమిటి?

ఇలా బాధపడే వారిలో కొందరికి ఉండే జబ్బు పేరు అడినోమయోసిస్. గర్భసంచి లోపలి పొర నెలనెలా ఊడి బహిష్టు రూపంలో బయటకు వస్తుంది కదా. ఆ పొరలాంటిదే సంచి గోడ కండలోకి చొచ్చుకుపోయి పెరగడమే ఈ జబ్బు. దాంతో కండ వాచి, సంచి పెద్దదవుతుంది. మెలిపెట్టే నొప్పి, గడ్డలు గడ్డలుగా రక్తం, నడుములాగుడు, చివరికి రక్తహీనత. ఊడ్పులకు వెళ్లే మనిషి ఆ రోజుల్లో గట్టు మీదే కూలబడాల్సిందే.

అయితే ఇది క్యాన్సర్ కాదు. ముట్లుడిగాక సాధారణంగా దానంతటదే తగ్గుతుంది. యోని ద్వారా చేసే స్కానింగ్‌లో, అవసరమైతే ఎమ్మారైలో తెలుస్తుంది.

సంచి ఉంచుకునే దారులు

మాత్రలు: నొప్పికి మెఫెనమిక్ యాసిడ్, రక్తస్రావానికి ట్రానెక్సమిక్ యాసిడ్ ఇస్తారు. డైనోజెస్ట్ వంటి హార్మోను మాత్రలూ ఉన్నాయి. అన్నీ డాక్టరు చీటీ మీదే సుమా!

హార్మోను లూప్: కాపర్-టీతో కొందరికి రక్తస్రావం పెరుగుతుంది. ఇది అలాంటిది కాదు. ఇందులోని లెవోనార్జెస్ట్రెల్ లోపలి పొరను పలచబరుస్తుంది. కోత లేకుండానే అమరుస్తారు, అయిదేళ్లు పనిచేస్తుంది. మొదటి కొన్ని నెలలు చుక్కలు చుక్కలుగా కనిపిస్తే కంగారుపడనక్కర్లేదు.

ఎంబొలైజేషన్: గజ్జల్లోనో, మణికట్టు దగ్గరో రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపి, గర్భసంచికి రక్తమిచ్చే నాళాలను చిన్న చిన్న రేణువులతో మూసేస్తారు. ఇది ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు చేసే పని. కొన్ని రోజులు నొప్పి ఉంటుంది. కొందరిలో బాధ తిరగబెట్టవచ్చు.

హైఫు: శబ్ద తరంగాలను ఒకేచోట కేంద్రీకరించి, ఆ వేడితో జబ్బున్న భాగాన్ని మాడుస్తారు. కోత ఉండదు. అన్ని ఊళ్లలోనూ దొరకదు, అందరికీ సరిపడదు.

లాప్రోస్కోపీ: జబ్బు ఒకచోటే గడ్డకట్టి ఉంటే, ఆ ముక్క వరకే తీసే వీలుంది.

ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఆ మాట ముందే డాక్టరుకు చెప్పాలి. దాన్నిబట్టే వైద్యం మారుతుంది.

మరి ఆపరేషన్ ఎప్పుడు?

ఏ మందుకూ లొంగనప్పుడు, క్యాన్సర్ అనుమానం ఉన్నప్పుడు, అన్నీ తెలుసుకుని మీరే కావాలనుకున్నప్పుడు తీయించుకోవడంలో తప్పేమీ లేదు. కానీ అండాశయాలు కూడా తీస్తారేమో అడగండి. చిన్న వయసులో అవి పోతే ఎముకలు గుల్లబారడం, గుండె జబ్బులు త్వరగా వచ్చిపడతాయి. అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది కూడా.

అందుకే, ఆస్పత్రికి వెళ్లినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. “నా జబ్బు పేరేమిటి? సంచి ఉంచి చేసే వైద్యం నాకు పనికొస్తుందా? కొన్నాళ్లు ఆగితే ప్రమాదమా?” జవాబు తృప్తిగా లేకపోతే స్కానింగ్ కాగితాలు పట్టుకుని ఇంకో డాక్టరు దగ్గరకు వెళ్లండి. అది మొహమాటపడే విషయం కాదు. కూరగాయలకే నాలుగు కొట్లు తిరుగుతాం, ఒంటికి సంబంధించిన నిర్ణయానికి రెండో మాట అడగలేమా?