మీకు తెలుసా? ఒకే అచ్చు బొమ్మలు, రెండు రంగులు

1940ల్లో అమెరికా మనస్తత్వవేత్తలు కెనెత్, మేమీ క్లార్క్ దంపతులు మూడు నుంచి ఏడేళ్ల నల్లజాతి పిల్లలు 253 మందికి నాలుగు బొమ్మలు చూపారు. అన్నీ ఒకే అచ్చు. రెండు గోధుమరంగువి, రెండు తెల్లవి. ఆడుకోవడానికి మూడింట రెండొంతుల మంది తెల్లబొమ్మే కావాలన్నారు. చెడ్డగా కనిపించేది ఏదంటే 59 శాతం గోధుమరంగు బొమ్మను చూపారు. నీలాంటిది ఏదని అడిగితే కొందరు చిన్నారులు తట్టుకోలేక ఏడ్చేశారు.

దీనికి నల్ల, తెల్లపిల్లలకు విడివిడిగా నడిపిన బడులే కారణమా అన్న అభ్యంతరం సబబైనదే. తెల్లపిల్లలతో కలిసి చదివే ఉత్తరాది పిల్లల్లో తెల్లబొమ్మపై మొగ్గు దక్షిణాదికన్నా కాస్త ఎక్కువే తేలింది. అంతమాత్రాన బడుల్లోని వివక్ష నిర్దోషి అయిపోదు. బడి బయట కూడా సమాజం పసిమనసుకు తెలుపే మేలని నూరిపోసేదనడానికి ఇది బలమైన ఆధారం. 1954లో విడి బడులు చెల్లవన్న అమెరికా సుప్రీంకోర్టు బ్రౌన్ కేసు తీర్పు ఫుట్‌నోట్‌లో కెనెత్ క్లార్క్ రచన కూడా ఉంది.