రాయి పుట్టని నేల నుంచి రాకాసి గుళ్లకు

భీమవరం నుంచి ఒక్కరోజులో మూడు వేల ఏళ్ల వెనక్కి

భీమవరం చుట్టుపక్కల ఎక్కడ గునపం దించినా ఒండ్రే. గోదావరి తెచ్చి పోసిన ఆ మట్టి మీదే వరి పండించాం, చెరువులు తవ్వి చేపలూ రొయ్యలూ పెంచాం. ఇంటి పునాదికి రాయి కావాలంటే మాత్రం మెట్ట నుంచి లారీలో రావాల్సిందే. తొలినాటి మనిషి బండరాళ్లతో ఏం కట్టాడో చూడాలన్నా అంతే, డెల్టా దాటి అదే గోదావరికి ఎగువకు వెళ్లాలి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పినపాక మండలంలోని జానంపేట అలాంటి చోటు.

తెల్లవారుజామునే కారెక్కండి. తాడేపల్లిగూడెం దాటగానే పచ్చని మడులు వెనకబడి ఎర్రనేల మొదలవుతుంది. జంగారెడ్డిగూడెం పొగాకు చేలు, అశ్వారావుపేట ఆయిల్‌పామ్ తోటలు, పాల్వంచ థర్మల్ కేంద్రం, మణుగూరు బొగ్గు గనులు వరసగా వస్తాయి. దారి పొడవు తక్కువేం కాదు. రానూపోనూ రోజంతా పడుతుంది కాబట్టి పులిహోర, పెరుగన్నం, మంచినీళ్లు వెంట ఉంచుకోవాలి. వానాకాలంలో గడ్డి ఏపుగా పెరుగుతుంది, ఎండాకాలంలో బొగ్గుబెల్టు నిప్పులు కక్కుతుంది. కార్తీకం నుంచి మాఘం వరకు అనువైన కాలం.

ఎవరు కట్టారు?

జానంపేటలో కనిపించేది ఇదీ: నేల మీద గుండ్రంగా పేర్చిన రాళ్లు. ఆ వలయం నడుమ నిలువునా పాతిన పలకలతో గదిలాంటి కట్టడం, పైన కప్పుగా ఒక పెద్ద బండ. కొన్నింటిలో ఒకే రాతిని తొలిచిన తొట్టి కూడా ఉంటుంది. అంతటి బండల్ని మనుషులు ఎత్తలేరన్న నమ్మకంతో జనం వీటిని రాకాసి గుళ్లు అన్నారు. పాండవులు కట్టారనే చోట్లూ ఉన్నాయి.

కట్టింది మనుషులే. దక్షిణాదిన ఇనుము వాడకం నేర్చి, పశువుల్ని మేపుతూ, పంటలు పండించిన వాళ్లు. ఇవి వారి సమాధులు. సుమారు మూడు వేల ఏళ్ల కిందట మొదలై క్రీస్తు శకం తొలి శతాబ్దాల దాకా ఈ ఆచారం సాగింది. ఇలాంటి సమాధుల తవ్వకాల్లో ఎరుపు నలుపు కుండలు, ఇనుప కత్తులు, గొడ్డళ్లు, పూసలు దొరికాయి. శవాన్ని ముందు మరోచోట ఉంచి, తర్వాత ఎముకలు ఏరి తెచ్చి పెట్టిన సమాధులూ ఉన్నాయి. సిద్దిపేట జిల్లా నర్మెటలో 2017లో జరిపిన తవ్వకంలో పైకప్పు బండ ఒక్కటే సుమారు 40 టన్నులు తూగింది. దాన్ని కదిలించాలంటే దుంగలు, మోకులు, మట్టి వాలు ఉంటే చాలదు. ఊరంతా ఒక్క మాట మీద నిలబడాలి. బతికున్నవాళ్లు తాము గుడిసెల్లో ఉండి, పోయినవాళ్లకు రాతి ఇల్లు కట్టారు. ఈ ప్రయాణంలో అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఆ శ్రద్ధనే.

పోయినవారి గుర్తుగా రాయి నిలిపే ఆచారం ఈ అడవుల్లో కోయలకు ఉంది. తెలుగు నేల మీద బౌద్ధం చాలాచోట్ల ఇలాంటి పాత సమాధులున్న చోటే వేళ్లూనింది. అమరావతి స్థూపం దగ్గర పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రియా తవ్వకాల్లో ఈ కాలపు సమాధి కుండలు బయటపడ్డాయి. అస్థికల చుట్టూ వలయం కట్టే ఆలోచన స్థూపంలోనూ కనిపిస్తుంది. పిల్లలతో, పెద్దవాళ్లతో అంత దూరం వెళ్లలేనివారు మరో ఆదివారం కామవరపుకోట దగ్గరి గుంటుపల్లికి వెళ్లవచ్చు. అక్కడ కొండను గుండ్రంగా తొలిచిన చైత్యం, లోపల రాతి స్థూపం ఉన్నాయి. కప్పు లోపలి వైపు కర్ర దూలాల్లాగే రాతిని చెక్కారు. స్థానికులు ఆ స్థూపాన్ని ధర్మలింగేశ్వరుడిగా కొలుస్తారు.

ఇప్పుడు కాపాడకపోతే

నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. అక్కడి ఒక రాతి మీద సప్తర్షి మండలాన్ని పోలిన గుంటలున్నాయి. తెలుగు నేల మీది ఇలాంటి తొలినాటి రాళ్లలో ఆ గౌరవం దక్కింది ఒక్క చోటుకే. ములుగు జిల్లా దామరవాయి మొదలు కృష్ణా తీరం దాకా ఇలాంటి సమాధులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. పొలం చదును చేసే ట్రాక్టరు, కంకర కోసం వచ్చే క్రషర్, నిధి ఉందనే ఆశ వీటికి శత్రువులు. వీటిలో బంగారు బిందెలేమీ లేవు. ఉన్నవి మట్టికుండలు, తుప్పుపట్టిన ఇనుము, ఎముకలు. పురావస్తు శాస్త్రవేత్తకు అవే నిధి. ఒకసారి కెలికితే ఏది ఎక్కడుందన్న ఆధారం శాశ్వతంగా పోతుంది.

కేంద్ర రక్షిత కట్టడానికి హాని చేస్తే 1958 నాటి చట్టం కింద, 2010 సవరణ తర్వాత, రెండేళ్ల దాకా జైలు గానీ, లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. కానీ చట్టం ప్రతి రాయి దగ్గరా కాపలా ఉండలేదు. ఆ పని ఊరివాళ్లు, చూడటానికి వచ్చినవాళ్లు చేయాలి. బండలెక్కి ఫొటోలు దిగకండి, పేర్లు రాయకండి, రాళ్ల నడుమ పొయ్యి పెట్టకండి. దొరికిన కుండపెంకును ఉన్నచోటే వదిలేయండి. మీ పిల్లల్ని ఒక్కసారి అక్కడికి తీసుకెళ్లి, ఇవి రాక్షసులవి కావు, మన పెద్దలవి అని చెప్పండి.