మూత్రాశయపు కాన్సరు: ఇంటివారి పరిచర్య

వైద్యుడు రోగిని చూచునది కొన్ని నిమిషములు. ఆసుపత్రిలో రోగి యుండునది కొన్ని దినములు. తక్కిన కాలమంతయు అతడు తన యింటిలోనే గడపును. కావున మూత్రాశయపు కాన్సరు వంటి దీర్ఘవ్యాధి విషయమున చికిత్సలో పెద్దభాగము ఇంటివారి చేతులలోనే యున్నది. భార్యయో, కుమారుడో, కోడలో యీ భారమును వహింతురు. వారికి ముందుగా శిక్షణ నిచ్చినవారు ఉండరు. వారు తెలిసికొనదగిన ముఖ్యవిషయములు ఇచట వివరింపబడుచున్నవి.

వ్యాధి స్వభావము

మూత్రపిండములలో తయారైన మూత్రము రెండు నాళముల ద్వారా దిగి, పొత్తికడుపునందలి మూత్రాశయమను కండరపు సంచిలో నిలువయుండును. ఆ సంచి లోపలిపొర యందలి కణములు అదుపు తప్పి పెరుగుటయే యీ వ్యాధి. మూత్రములో రక్తము పడుట దీనికి సాధారణముగా మొదటి గుర్తు. నొప్పి యుండకపోవచ్చును. ఒకనాడు రక్తము కనిపించి, పిమ్మట అనేక దినములు కనిపింపకపోవచ్చును. "వేడి చేసినది" అని మజ్జిగ త్రాగి యూరకుండుట మన యిండ్లలో పరిపాటి. రక్తము ఆగినంతమాత్రమున వ్యాధి ఆగినట్లు కాదు. ఒక్కసారి కనిపించినను వైద్యునికి చూపవలెను.

కారణములలో ప్రధానమైనది పొగాకు. బీడీ, చుట్ట, సిగరెట్టుల పొగలోని విషపదార్థములు రక్తములో కలిసి, మూత్రపిండములచే వడగట్టబడి, మూత్రాశయములో గంటలతరబడి నిలిచియుండును. రంగులు, రబ్బరు, తోళ్ల పరిశ్రమలలో వాడబడిన కొన్ని రసాయనములును ఇట్టివే. 1895లో జర్మనీ దేశపు శస్త్రవైద్యుడు లుడ్విగ్ రేన్ రంగుల కర్మాగారపు పనివారిలో ఈ వ్యాధిని గుర్తించి ప్రకటించెను. స్త్రీలలోకంటె పురుషులలో ఇది హెచ్చు.

ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచమున భుజించినను, ఒకే పక్కపై పరుండినను ఇతరులకు సోకదు. రోగికి వేరు పాత్రలు, వేరు గది యేర్పరచుట అనవసరము. అంతేకాక, అది అతని మనస్సును గాయపరచును.

మందు వేసిన దినమున

వ్యాధి లోపలిపొరకే పరిమితమైయున్నచో, మూత్రమార్గము ద్వారా సన్నని దూరదర్శక గొట్టమును పంపి కంతిని గోకి తీసివేయుదురు. కంతి మరల పుట్టకుండుటకు అనేకులకు మూత్రాశయములోనికి మందును ఎక్కింతురు. అట్టి మందులలో ముఖ్యమైనది బి.సి.జి. మన దేశమున 1951 నుండి క్షయ నివారణకై సామూహికముగా వేయబడిన టీకామందు ఇదియే. ఇది మూత్రాశయపు కాన్సరునందు ఉపకరించునని 1976లో కెనడా వైద్యుడు ఆల్వారో మొరాలెస్ ప్రకటించెను. సాధారణముగా దీనిని వారమునకొకసారి చొప్పున ఆరువారములు ఇత్తురు.

ఈ మందులో సజీవమైన సూక్ష్మజీవులుండును. అందుచేత మందు వేసిన పిదప ఆరుగంటలవరకు రోగి కూర్చుండియే మూత్రము విడువవలెను. విడిచిన ప్రతిసారి మరుగుదొడ్డిలో మూత్రమునకు సమానమైన పరిమాణమున బ్లీచింగు ద్రావకమును పోసి, పదునైదు నిమిషములు ఉంచి, పిదప నీరు పోయవలెను. శుభ్రపరచువారు చేతితొడుగులు ధరించి, తరువాత సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఒకటి రెండు దినములు మంట, మాటిమాటికి మూత్రము వచ్చుట, కొద్దిపాటి జ్వరము ఉండవచ్చును. జ్వరము 101 డిగ్రీలు దాటినను, చలి పుట్టి వణకినను ఆలస్యము చేయక ఆసుపత్రికి తెలుపవలెను.

కంతి తీసిన పిదపను ఈ వ్యాధి తిరిగి వచ్చు స్వభావము గలది. కనుక మొదట మూడునెలల కొకసారి పరీక్ష చేయుదురు. "ఇప్పుడు బాగుగనే యున్నాడు గదా" అని పరీక్షను మానరాదు. ఆ తేదీలను గోడమీది పంచాంగమున గుర్తించి యుంచుట పరిచర్య చేయువారి ముఖ్యకర్తవ్యము.

పొట్టపై సంచి

వ్యాధి కండరములోనికి వ్యాపించినచో మూత్రాశయమునే తొలగింపవలసి రావచ్చును. అప్పుడు చిన్నప్రేగు ముక్కతో మార్గమును నిర్మించి, పొట్ట కుడిభాగమున ఒక ద్వారము ఏర్పరతురు. మూత్రము ఎడతెగక ఆ ద్వారముగుండా వచ్చి, చర్మమునకు అంటించిన సంచిలో చేరును. రోగికిని, ఇంటివారికిని మిక్కిలి భయము కలిగించునది ఈ సంచియే. అభ్యాసమైన పిదప ఇది దినచర్యలో ఒక భాగమగును.

ఆ ద్వారము ఎఱ్ఱగా, తడిగా నుండుట ఆరోగ్యలక్షణము. దానికి స్పర్శజ్ఞానము లేదు. తాకినను నొప్పి పుట్టదు. తుడుచునప్పుడు ఒకటి రెండు రక్తపు బొట్లు వచ్చినను భయపడనక్కరలేదు. మూత్రములో తెల్లని జిగురు కనిపించుటయు సహజమే. అది ప్రేగు స్వభావము. అయితే ద్వారము నల్లబడినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను.

సంచి మూడవవంతో సగమో నిండగానే ఖాళీ చేయవలెను. నిండిన సంచి బరువునకు ఊడిపోవును. మార్చుటకు ఉదయమున నీరు త్రాగకముందు మంచి సమయము, ఏలయనగా అప్పుడు మూత్రము తక్కువగా వచ్చును. చుట్టుప్రక్కల చర్మమును మంచినీటితో కడిగి, బాగుగ ఆరనీయవలెను. కొబ్బరినూనెగాని, పసుపుగాని పూయరాదు. పూసినచో సంచి అంటుకొనదు. మొలత్రాడు, పంచెముడి, చీర బొడ్డుముడి సంచిపై నొక్కుకొనకుండ చూడవలెను. రాత్రివేళ సంచికి పెద్దసంచి నొకదానిని గొట్టముతో తగిలించినచో రోగియు, ఇంటివారును నిద్రింపవచ్చును.

సంచి త్వరగా నిండునను భయముచే నీరు తగ్గించుట పెద్ద పొరపాటు. వైద్యుడు వలదన్ననే తప్ప దినమునకు సుమారు రెండులీటర్ల నీరు త్రాగవలెను. పథ్యము పేరిట ఆహారమును తగ్గింపరాదు. పప్పు, పెరుగు, గ్రుడ్లు, కూరగాయలు గాయము మానుటకును, బలము చేకూరుటకును అవసరము.

మనస్సునకు చికిత్స

పల్లెయందలి యొక గృహమును ఉదాహరణముగా గ్రహింపుడు. యజమానికి సంచి అమర్చి ఆరునెలలైనది. గాయము మానినది, వైద్యుడు పొలమునకు పోవచ్చుననెను. అయినను అతడు రచ్చబండ వైపు పోడు. మేనకోడలి పెండ్లికిని పోలేదు. వాసన వచ్చునేమో యని భయము. భార్య అతనిని ఒత్తిడి చేయలేదు. ఒకనాడు సంచి మార్చుటను అతని చేతనే చేయించి, తాను ప్రక్కన నిలిచి చూచినది. పదిదినములకు అతడు ఒంటరిగా చేసికొన నేర్చెను. ఆ పిదప తొలుత పొలమునకు, తరువాత తిరునాళ్లకు, చేతిసంచిలో మరొక సంచి నుంచుకొని పోయెను. చేయగలిగిన పనిని రోగిచేతనే చేయించుట అతనియందు నిర్దయ కాదు. అతని గౌరవమును అతనికి తిరిగి యిచ్చుట.

రోగము పేరును రోగికి చెప్పకుండ దాచుట అనేక కుటుంబముల ఆచారము. ఇది ప్రేమచే చేయబడునదే. కాని తన శరీరమున జరుగుచున్నది రోగి గ్రహింపకపోడు. ఎవరును చెప్పనప్పుడు అతడు తన భయముతో ఒంటరి యగును. "నీ జబ్బును గూర్చి నీకేమి తెలియగోరుచున్నది?" అని ముందుగా అడిగి, అడిగినంతవరకు సత్యము చెప్పుట మేలు.

పరిచర్య చేయువారి ఆరోగ్యము

దీపము వెలుగుటకు చమురు కావలెను. రాత్రులు మేల్కొని, పగలు ఇంటిపని చేసి, తన జ్వరమును తానే మరచిన ఇల్లాలు కొన్నినెలలకు తానును రోగి యగును. ఈ భారము ఒక్కరిపైననే పడరాదు. ఆసుపత్రికి తోడుపోవుట ఒకరు, మందులు తెచ్చుట మరియొకరు, వారమునకు రెండు రాత్రులు కాపలా వేరొకరు అని పంచుకొనవలెను. విసుగు, కోపము కలుగుట పాపము కాదు. దుఃఖము రెండువారములకు మించి వదలక, నిద్రాహారములు చెడినచో వైద్యునితో చెప్పవలెను. 2022లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ కు 14416 సంఖ్యపై ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును.

ధనవిషయమున, 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన క్రింద అర్హతగల కుటుంబమునకు ఆసుపత్రి చికిత్సకై సంవత్సరమునకు 5 లక్షల రూపాయలవరకు సాయము లభించును. 2024 నుండి 70 ఏండ్లు నిండిన వారందరికిని, ఆదాయముతో నిమిత్తము లేక, ఇది వర్తించును. చికిత్సకై పోవు కాన్సరు రోగికిని, తోడుపోవువానికిని రైలు చార్జీలలో రాయితీ కలదు.

చివరగా ఒక మాట. రోగి యున్న యింటిలో ఎవరును పొగ త్రాగరాదు. రోగి పొగ మానుట అతని చికిత్సలో భాగము. కుమారుడు మానుట తండ్రికి చేయు పరిచర్యలో భాగము. తండ్రి పడిన బాధను కన్నులార చూచిన యింటిలో ఆ బాధ మరల ప్రవేశింపకుండ కాపాడుట ఇంటివారి వశముననే యున్నది.