అష్టమి నాడు సముద్రానికి

డబ్లిన్ అనగానే ఐర్లాండ్ అనుకునేరు. మాది కాలిఫోర్నియా డబ్లిన్. శాన్‌ఫ్రాన్సిస్కోకు తూర్పున 580, 680 ఫ్రీవేలు కలిసేచోట ఉంటుంది. 2020 లెక్కల్లో జనాభా 72 వేలు దాటింది. సాయంత్రం పార్కులో నాలుగడుగులు వేస్తే నాలుగు తెలుగు మాటలు చెవినపడతాయి. నేనిక్కడ ఇళ్లు కట్టే సైటులో సూపర్‌వైజర్‌ని. సివిల్ డిప్లొమా చేసి, దుబాయ్‌లో నాలుగేళ్లు పనిచేసి, మా ఆవిడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పుణ్యమా అని ఇటొచ్చాను. దుబాయ్‌లో సముద్రం పక్కనే ఉన్నా చూసింది తక్కువ. క్యాంపు నుంచి సైటు, సైటు నుంచి క్యాంపు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

మా అమ్మాయి నాలుగో తరగతి. ఈ ఏడాది వాళ్ల రెండు సెక్షన్లను పాయింట్ రేయెస్ సముద్రతీరానికి తీసుకెళ్తామని స్కూలు నుంచి పర్మిషన్ స్లిప్ వచ్చింది. ఇక్కడ నాలుగో తరగతిలో కాలిఫోర్నియా చరిత్ర, రాళ్లు, భూకంపాలు, పటాలు పాఠాలు. పుస్తకంలో చదివింది కాళ్లకింద చూపిస్తారట. స్లిప్ రెండురోజులు ఫ్రిజ్ మీద అయస్కాంతానికి వేలాడింది. సంతకం పెట్టలేకపోయాను.

కారణం చెప్పాలంటే మా ఊరి సంగతి చెప్పాలి. మాది దివిసీమ. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు మా నాన్నకు పన్నెండేళ్లు. తాడిచెట్టు పట్టుకుని బతికాడు. ఆయన చెల్లెలు దక్కలేదు. అధికారిక లెక్కల్లోనే ఆ రాత్రి పోయినవాళ్లు పదివేల దాకా ఉన్నారు. అసలు లెక్క ఇంకా ఎక్కువని మా వైపు అందరూ అంటారు. హంసలదీవి మాకు ఎంతో దూరం కాదు. అయినా నాన్న మమ్మల్ని సముద్రం దగ్గరికి ఒక్కసారి కూడా తీసుకెళ్లలేదు. పిక్నిక్ అంటే కృష్ణ ఒడ్డు, అదీ మెట్లు ఉన్నచోట.

ఇక్కడి సముద్రమూ తక్కువదేం కాదు. మన బంగాళాఖాతంలా గోరువెచ్చగా ఉండదు, నీళ్లు ఎండాకాలంలోనూ జిల్లుమంటాయి. వాటిలో పడితే నిమిషాల్లో కాళ్లూచేతులూ మొద్దుబారతాయి. దానికి తోడు ‘స్నీకర్ వేవ్’ అని ఒకటి ఉంది, దొంగ అల అనొచ్చు. పావుగంట, అరగంట సముద్రం బుద్ధిగా ఉంటుంది. ఉన్నట్టుండి ఒక అల మిగతావాటికి రెండింతల దూరం పైకి వచ్చేస్తుంది. 2021 జనవరిలో హాఫ్‌మూన్ బే దగ్గర ఒక భారతీయ కుటుంబం పిల్లవాణ్ని అలాంటి అలే లాక్కుపోయింది. అప్పట్నుంచి మనవాళ్ల ఇళ్లలో బీచ్ అంటే ఓ గుబులు.

మూడోరోజు టీచరమ్మ నుంచి కబురొచ్చింది. యాభై ఎనిమిది మంది పిల్లలు, అయిదుగురికి ఒక పెద్ద చొప్పున పన్నెండు మంది కావాలి, ముందుకొచ్చింది ఏడుగురు. వారంలో తేలకపోతే ట్రిప్ రద్దు. మన తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు చూస్తే ఒకాయన ఆ రోజు లెక్కల పోటీ కోచింగ్ ఉందంటాడు, ఒకావిడ బస్సులో వాంతులంటుంది, ఇంకొకరు నీళ్ల గండం ఉందని జ్యోతిష్యుడు చెప్పాడంటారు. నవ్వుకుందామనుకున్నాను. నా స్లిప్ కూడా ఫ్రిజ్ మీదే ఉందని గుర్తొచ్చి ఊరుకున్నాను. చివరికి మా అమ్మాయే అడిగింది, ‘నాన్నా, నువ్వు వస్తే నన్ను పంపిస్తావా?’ అని. సైటులో లీవు అడిగాను. కాంక్రీటు పోసే రోజు కాదు కాబట్టి సరేనన్నారు.

వాలంటీరు కావాలంటే వేలిముద్రలు, టీబీ పరీక్ష. ఇక్కడ మనవాళ్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. చిన్నప్పుడు మనకు వేసిన బీసీజీ టీకా వల్ల, జబ్బు లేకపోయినా చర్మం మీద చేసే పరీక్షలో పాజిటివ్ రావచ్చు. నాకు అలాగే వచ్చింది, ఇంట్లో ఒకరోజు గాభరా. రక్తపరీక్ష ముందే చేయించుకుంటే ఆ గొడవ ఉండదు. డబ్బు సంగతి అడగడానికి మొహమాటపడే కుటుంబాలకు ఇంకో మాట. డబ్బు లేదని ఏ పిల్లనూ ఫీల్డ్ ట్రిప్ నుంచి ఆపకూడదని కాలిఫోర్నియా ఎడ్యుకేషన్ కోడ్ 35330వ సెక్షన్‌లో రాసి ఉంది. అది దానం కాదు, చట్టం.

తేదీ దగ్గర అసలు తిరకాసు వచ్చింది. పసిఫిక్ తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. రెండూ సమానంగా ఉండవు, ఒక ఆటు బాగా లోతుకు దిగుతుంది. చలికాలంలో ఆ పెద్ద ఆటు మధ్యాహ్నం పూట పడుతుంది. బస్సుకు అనుకూలం, కానీ ఆ నెలల్లోనే అలలు ఉధృతం. పైగా డిసెంబర్ నుంచి మార్చి దాకా ఏనుగు సీళ్లు పిల్లల్ని కనడానికి ఒడ్డెక్కుతాయి, డ్రేక్స్ బీచ్‌లో దారులు మూసేస్తారు. వసంతంలో సముద్రం కాస్త నెమ్మది. అయితే పెద్ద ఆటు తెల్లవారుజామున. అప్పటికి మన పిల్లలు దుప్పటి కూడా తీయరు.

టీచరమ్మ పంపిన ఆటుపోట్ల పట్టిక ముందేసుకుని కూర్చుంటే ఒక సంగతి తట్టింది. ఆటు రోజుకు దాదాపు యాభై నిమిషాలు వెనక్కి జరుగుతుంది. పున్నమి నాడు ఉదయం ఆరింటికి ఉన్నది వారం తర్వాత మధ్యాహ్నం పన్నెండు ప్రాంతానికి వస్తుంది. వారం తర్వాత అంటే అష్టమి దగ్గర. ఆ రోజుల్లో పోటుకూ ఆటుకూ తేడా తక్కువ. కాబట్టి రాళ్ల మధ్య నక్షత్ర చేపలు చూసే యోగం పోతుంది గానీ, మధ్యాహ్నం పిల్లలు నిలబడ్డానికి ఇసుక ఉంటుంది. నక్షత్ర చేపలు వదులుకుని ఏప్రిల్‌లో ఆ రోజే ఖాయం చేశారు.

ఇంటికి ఫోన్ చేసి చెబితే అమ్మ ఒక్కసారే లేచింది. ‘అష్టమి నాడు పొలిమేర దాటతారట్రా! అదీ సముద్రానికా?’

ఫోన్ నాన్న తీసుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘అష్టమికి సముద్రానికి బలం తక్కువరా. మన పల్లెవాళ్లు అమావాస్యకీ పున్నానికీ చూసుకుంటారు. అక్కడా చంద్రుడు అదేగా’ అన్నాడు. ఆయన నోట సముద్రం మాట అంత తాపీగా రావడం నేను మొదటిసారి వినడం. ఆ రాత్రే స్లిప్ మీద సంతకం పెట్టాను. దొంగ అలకు మాత్రం తిథులుండవు. అది వేల మైళ్ల అవతల తుపాను పంపే అల, అష్టమి నాడూ రావచ్చు. ఆ సంగతి నాన్నకు చెప్పలేదు.

పులిహోర దగ్గర చిన్న తగాదా జరిగింది. పల్లీలు పడనివాళ్లు క్లాసులో ఇద్దరున్నారు. మా ఆవిడ పల్లీలూ జీడిపప్పూ లేకుండా ఒట్టి శనగపప్పు తాలింపుతో చేసింది. అది పులిహోరే కాదని నా అభిప్రాయం.

బస్సు ఏడున్నరకు కదిలింది. భూగోళం పాఠం మా ఊళ్లోనే మొదలైంది. డబ్లిన్ పడమటి అంచున కాలవెరాస్ ఫాల్ట్ పోతుంది. ఫాల్ట్ అంటే భూమి పొరల్లో పగులు, దాని రెండువైపులా నేల వేర్వేరుగా జరుగుతుంది. ఆ తర్వాత ఓక్లాండ్ కొండల వైపు హేవర్డ్ ఫాల్ట్. 1868లో పెద్ద భూకంపం తెచ్చింది అదే. మేం పునాదుల్లో అంత ఇనుము ఎందుకు పెడతామో ఆ బస్సులో పిల్లలకు చెప్పాను. రిచ్‌మండ్ వంతెన దాటి, మలుపుల రోడ్డులో ఇద్దరికి వాంతులయ్యాక, బేర్ వ్యాలీ చేరాం. అక్కడున్నదే మూడోది, శాన్ ఆండ్రియాస్. ఒక్క బస్సు ప్రయాణంలో మూడు పగుళ్లు.

అక్కడ ఎర్త్‌క్వేక్ ట్రయిల్ అని మైలులో సగానికి కాస్త ఎక్కువ కాలిబాట. చక్రాల కుర్చీ కూడా పోతుంది. 1906 ఏప్రిల్ 18 ఉదయం 5 గంటల 12 నిమిషాలకు శాన్‌ఫ్రాన్సిస్కోను కూల్చిన భూకంపంలో ఈ చుట్టుపక్కల నేల 16 నుంచి 20 అడుగుల దాకా పక్కకు జరిగింది. అప్పుడు తెగి, రెండు ముక్కలూ దూరమైన కంచె ఎలా ఉండేదో కట్టి చూపించారు. పిల్లలు ఆ మధ్య జాగాను అడుగులతో కొలిచారు. పాయింట్ రేయెస్ ఉన్నది పసిఫిక్ పలక మీద, మా డబ్లిన్ ఉత్తర అమెరికా పలక వైపు. ఏడాదికి రెండంగుళాల చొప్పున ఇది వాయవ్యానికి పోతోంది. మా అమ్మాయి లెక్కేసి ‘నేను పుట్టాక ఇరవై అంగుళాలు’ అని చేతులు చాపి చూపించింది. సైటులో అర అంగుళం తేడా వస్తే మా ఇంజనీరు ఎంత గోల చేస్తాడో చెబితే అందరూ నవ్వారు.

భోంచేశాక లిమంటూర్ బీచ్. బయటి సముద్రానికి ఎదురుగా ఉన్న నార్త్ బీచ్, సౌత్ బీచ్ ప్రమాదకరమని ముందే మానేశాం. ఇది డ్రేక్స్ బే లోపలికి ఉంటుంది, కొంత చాటు. అక్కడ సెల్ అందదు కాబట్టి ఎవరు ఎక్కడుండాలో కాగితం మీదే రాసుకున్నాం. కాలిఫోర్నియాలో ప్రతి కన్‌స్ట్రక్షన్ సైటులో పది పనిదినాలకు ఒకసారైనా టూల్‌బాక్స్ మీటింగ్ పెట్టి తీరాలి. అదే పద్ధతిలో పిల్లల్ని ఇసుకలో కూర్చోబెట్టాను. మూడే మాటలు. సముద్రానికి వీపు చూపొద్దు. కోన్లు దాటొద్దు. విజిల్ వినబడితే గుడ్డలో, బూట్లో అని చూడకుండా పైకి పరుగెత్తాలి. ఆ తర్వాత పెద్దవాళ్లం ఇరవై నిమిషాలు అలలనే చూశాం. అన్నిటికన్నా పైకి వచ్చిన అల ఎక్కడాగిందో గుర్తుపెట్టుకుని, దానికి ముప్పై అడుగులు ఎగువన సైటు నుంచి తెచ్చిన నారింజ కోన్లు వరసగా పెట్టాం.

ముప్పావుగంట బ్రహ్మాండంగా గడిచింది. ఇసుకలో తీరం పటం గీశారు, దిక్సూచితో వాయవ్యం పట్టుకున్నారు. సీగల్ ఒకటి ఒకడి శాండ్‌విచ్ ఎత్తుకుపోయింది. కోచింగ్ ఉందన్న ఆయన కొడుకు కూడా వచ్చాడు. వాడు ఇసుకలో పగులు గీసి, రెండు పలకలు జరపడంలో మునిగిపోయాడు.

అప్పుడొచ్చింది. చప్పుడు లేదు, ఎత్తూ లేదు. ఆగాల్సినచోట ఆగలేదు, అంతే. విజిల్ ఊదాను. పిల్లలు లేచి పరుగెత్తారు. నీళ్లు కోన్ల వరస దాటి, ఇంకో పదడుగులు పైకొచ్చి, పటాన్ని తుడిచేసి వెనక్కి పోయాయి. రెండు కోన్లు పడ్డాయి, ఒకటి తేలుతూ పోయింది. పిల్లలు ఒక్కరూ తడవలేదు. లెక్కపెడితే యాభై ఏడు. నా నోరు ఎండిపోయింది. మళ్లీ లెక్కపెట్టాం, యాభై ఎనిమిది. ఒకడు బూటు కట్టుకుంటూ టీచరమ్మ వెనక ఉన్నాడు. ఆ పది సెకన్లలో నాకు కనిపించింది మాత్రం నేనెన్నడూ చూడని మా మేనత్త.

పోయిన కోన్ కాసేపటికి వంద గజాల అవతల తానే ఒడ్డుకొచ్చింది. దాన్ని తేవడానికి ఎవరూ నీళ్లలోకి వెళ్లలేదు. మూడున్నర దాటాక స్కూలుకు చేరాం.

రాత్రి మా అమ్మాయి తాతయ్యకు వీడియోకాల్ చేసి అన్నీ చెప్పింది, అల సంగతి కూడా. నేను సైగ చేసినా ఆగలేదు. నాన్న అంతా విని ‘వీపు చూపించలేదుగా?’ అన్నాడు.

‘లేదు తాతయ్యా.’

‘కోన్లు ఎంత దూరంలో పెట్టాడు మీ నాన్న?’

‘ముప్పై అడుగులు.’

‘ఈసారి అరవై పెట్టమను’ అన్నాడు నాన్న.